ఆరుద్ర పురుగు పేరు

నా ఈ వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మా హెడ్మాస్టరు గోవిందరావు గారికి, టెల్కో కాలనీ నుంచీ కాసిడీహ్ నుంచీ ఈ వానలో తడుస్తూ వచ్చిన పెద్దలకు, నా పిల్లలకు నమస్కారం. పద్మకుమారి టీచరు రెండు ముక్కల్లో ముగిస్తుందని ఎవరైనా ఆశపడి వచ్చి ఉంటే, పాపం, వెనక తలుపు తీసే ఉంది. (నవ్వులు)

సన్మానపత్రంలో నన్ను భాషాసేవకురాలన్నారు. అంత మాట మోయలేను. నాకు తెలుగంటే మా అత్తగారు అసిరమ్మ. శ్రీకాకుళం దగ్గర పొలం పనులు వదిలి ఫ్యాక్టరీలో పని దొరికిన మా మావయ్యగారి వెంట ఈ హిందీ ఊరొచ్చిన ఆవిడకు, క్వార్టర్ ముందు జానెడు మట్టి కూడా లేదు, అంతా సిమెంటే. అయినా తొలివానలకి మైదానంలో ఎర్రటి మఖమల్ ముక్కలా ఆ పురుగు పాకుతూ కనిపిస్తే చాలు, నూనె డబ్బాలో మట్టి నింపి గుప్పెడు వడ్లు చల్లేది. "ఏటత్తా ఇది, పొలమా?" అంటే, "ఆరుద్ర పురుగు ఒచ్చీసింది కదే పిల్లా, సేతులూరుకుంటాయేటి?" అనేది. ఇరుగుపొరుగులు 'డబ్బా జమీందారు' అని ఆటపట్టించేవారు. తనూ నవ్వేది గానీ చల్లడం మానలేదు.

ఆ పేరు సంగతి తర్వాత చదువుకున్నాను. ఆర్ద్ర అంటే తడి. ఆ మాట ఒక చుక్కకి పేరై, మన నోట ఆరుద్రయి, సూర్యుడు ఆ చుక్కలో ఉండే కార్తెకి పేరై, చివరికి ఆ కార్తెలో నేల మీదికొచ్చే పురుగు దాకా దిగింది. ఇక్కడివాళ్ళు బీర్‌బహూటీ అంటారు, అదీ ముద్దుగానే ఉంటుంది. కానీ ఆ పేరు వింటే నాకు వడ్లు గుర్తురావు, మా అత్త గుర్తురాదు.

నా తర్వాత తెలుగు పోస్టు సంగతి 'మెల్లగా చూద్దాం' అన్నారు. గోవిందరావు గారూ, మీ మీద కోపం లేదు, బెంగ మాత్రం ఉంది. ఇవాళ పొద్దున గేటు దగ్గర ఎనిమిదో తరగతి సింధు, నేను తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబు చెప్పే సింధు, అరచెయ్యి చాపి "మేడమ్, దేఖియే, ఆరుద్ర ఆ గయా!" అంది. చూడండి, వచ్చేసింది అన్న మాటలు హిందీవే, చేతిలో పురుగు పేరు మాత్రం మనది. ఈ శాలువా కంటే ముందే నాకు సన్మానం అయిపోయింది.

అత్త డబ్బా తెచ్చి మన స్టాఫ్‌రూం కిటికీలో పెట్టాను. వడ్లు చల్లాను. చల్లిన మనిషి నారు చూడకుండా వెళ్ళిపోవడం ఎంత కష్టమో ఇప్పుడే తెలుస్తోంది. ఆ నారు ఎదిగేలోగా ఆ గదిలోకి ఒక తెలుగు టీచరు రావాలని నా కోరిక. అందాకా నీళ్ళు నువ్వు పోస్తావా, సింధూ?

("పోత్తాను, మేడమ్!" అని వెనక వరసలోంచి సింధు)

విన్నారా? తెలుగులో జవాబు, అదీ అచ్చం మా అత్త యాసలో. ఇంతసేపు ఓపిగ్గా విన్న మీకందరికీ నా కృతజ్ఞతలు. సెలవు.