పెద్దాడి పేరు పక్కన

యుద్ధంలో చనిపోయిన ఊరి సైనికుల పేర్లున్న స్మారక ఫలకం అది. తడిగుడ్డ పట్టుకుని వస్తున్న ఆవిడను చూడగానే రాతిపనివాడు ఉలి పక్కన పెట్టి, ఫలకం మీదికి గోనెపట్టా లాగాడు.

“మా పెద్దాడి పేరు మూసేశావేంటి బాబూ? తుడుచుకోవాలి.”

“ఇవాళ వద్దమ్మా. రేపు రండి.”

“వారం వారం తుడుస్తూనే ఉన్నాగా. నా గుడ్డకి నీ రాయి అరిగిపోతుందా?”

“పని మధ్యలో ఉందమ్మా.”

“అక్కడేం పని? వాడి పక్కన జానెడు ఖాళీయేగా. అన్నదమ్ములైతే పక్కపక్కనే చెక్కుతానని నువ్వంటే, నీ నోట్లో మన్నుపడ అని తిట్టాను కూడా.”

“మీకు ఉత్తరం రాలేదా అమ్మా?”

“చిన్నాడు రాసి ఇరవై రోజులైంది.”

“అది కాదమ్మా. సైన్యం నుంచి.”

“సైన్యం నుంచి నాకెందుకొస్తుంది?”

“పొద్దున్నే నాకు కొత్త జాబితా ఇచ్చారు. మీకు ముందే తెలుసనుకున్నాను, ఇప్పుడు మీ మొహం చూసేదాకా.”

“ఎంతవరకు చెక్కావు?”

“రెండక్షరాలు.”

“గోనె తియ్యి.”

“అమ్మా, ఇంటికి దిగబెడతాను, పదండి.”

“తియ్యి బాబూ. వాడి పేరు వాడిచేత మొదటిసారి రాయించింది నేనే. చివరిసారి కూడా నేనుండగానే రాయి.”