చెక్క మేకుల గది

జగ్గయ్యపేట, 1949 జనవరి. వడ్రంగి బ్రహ్మయ్య ఇంటి ముందు పనిపాక. పొద్దు వాలుతుండగా మిషను బడి పంతులు ప్రేమదాసు వచ్చి గుంజ పక్కన నిలబడ్డాడు.

"ముందు కూర్చోండి మాస్టారూ. నిలబడి చెప్పే మాటైతే వీధిలోనే చెప్పి పోయేవాళ్లుగా."

"కూర్చుంటే చెప్పలేనేమో బ్రహ్మయ్యగారూ."

"ఇదేం చోద్యం! ఆ దుంగ మీద కూర్చోండి. పొట్టు దులిపా."

"మీ చేతిలోది... పీట కాలా?"

"పీట కాలే. రథం పని పోయాక ఇంకేముంది, పీటలూ, రోకళ్లూ, కవ్వాలూ. చెయ్యి ఖాళీగా ఉంటే బుర్ర పాడవుద్ది."

"రథం పని పోయిందా? ఖాయంగానే?"

"నిన్న షావుకారు సుబ్బరాయుడుగారు కబురంపారు. మైలవరం నుంచి ఎవర్నో పిలిపిస్తన్నారంట. ఇనుము వద్దన్న చోట ఇనుము కొట్టినోడు దేవుడి రథానికి ఏం కొడతాడో అన్నారంట. అనరూ మరి."

"మీరేమన్నారు?"

"ఏమంటాం."

"కొట్టలేదనొచ్చుగా! ఆ దిక్సూచి ముల్లు పెట్టిన గదిలో ఒక్కటంటే ఒక్క ఇనప మేకు లేదు. అన్నీ చెక్క మేకులే. కట్టినన్నాళ్లూ నేను పక్కనే ఉన్నా. ఒక్కో మేకూ మీరు చెక్కి, చిత్రిక పట్టి, చింతకాయ రసంలో నానబెట్టిందాకా చూశా."

"ఆ మాట గది తనిఖీకొచ్చిన ఆఫీసరుగారి ముందు అనాల్సింది మాస్టారూ."

"అనాల్సిందే. అనలా."

"ఎత్తిపొడవట్లా. ఊరికే అన్నా. మొహం అట్టా పెట్టకండి. ఒసే సత్యనారాయణమ్మా! మాస్టారికి చెంబుతో మంచినీళ్లు పట్రా."

"వద్దు. పిలవకండి. మీ ఇంటి నీళ్లు తాగే మొహం కాదు నాది."

"ఏంది మాస్టారూ, పెద్ద పెద్ద మాటలు! సరే, వద్దులేవే! మా మాటలు అయ్యాక పిలుస్తా."

"రేపు ఆఫీసరు నందిగామ బంగళా ఖాళీ చేస్తున్నాడు. తిరుపతిరావు కార్డు రాశాడు."

"ఏ తిరుపతిరావు?"

"నందిగామలో నాలాగే ముల్లు చూసే పంతులు. అక్కడో గది, ఇక్కడో గది. రోజుకి మూడుసార్లు ఆయనా నేనూ ఒకే టైముకి ముల్లు ఏ గీత మీదుందో చూసి రాస్తాం. భూమిలో ఉన్న అయస్కాంతం కాస్త అటు ఒరిగితే రెండు ముళ్లూ అటే ఒరగాలి. శనివారం ఇద్దరి కాగితాలూ పెద్దాఫీసుకి పోతాయి. అక్కడ నకళ్లు తీసి దేశదేశాల ఆఫీసులకి పంపుతారు. వాళ్లవి వీళ్లకొస్తాయి."

"తెలుసు. గది కట్టేటప్పుడు ఆఫీసరుగారే చెప్పాడుగా. భూమికి నాడి చూడటం అన్నాడు. నాకా మాట బాగుంది."

"ఆ నాడి పోయిన ఫిబ్రవరి నుంచి ఇక్కడ తప్పు పలుకుతోంది. నందిగామకీ మనకీ ఎప్పుడూ ఉండే తేడా మీద ఇంకో ఆరు గీతలు. పై దేశంనుంచి ఉత్తరం కూడా వచ్చిందంట, జగ్గయ్యపేటలో ఇనప గనేమన్నా బయటపడిందా అని."

"ఇనప గనా! ఈడ సున్నపురాయి తప్ప ఏముంటది, వాళ్ల పిచ్చి గాని."

"అందుకే ఆయన దిగాడు. కప్పు విప్పించాడు. ఏం దొరకలా. దొరక్కపోతే, దూలాల కీళ్లలో దాచి కొట్టుంటాడు అన్నాడు. మిమ్మల్ని పిలిపించి మొహం మీదే అడిగాడు. మీరేమో తల దించుకున్నారు. ఎందుకు దించుకున్నారండీ?"

"పెద్దాయన కోపంలో ఉన్నాడు."

"కోపంలో ఉంటే?"

"ఉంటే... నాదేం పోయింది."

"రథం పోయింది! పేరు పోయింది! రిపోర్టులో అచ్చవుద్ది రేపు. పదకొండు నెలల జగ్గయ్యపేట అంకెలు పనికిరావు, గది కట్టిన బ్రహ్మయ్య అనేవాడు మోసం చేశాడు అని. మొహం కూడా తెలీనివాళ్లు చదువుతారు."

"నా పేరు ఇంగ్లీషులో ఎట్టా ఉంటదో చూడాలనుంది మాస్టారూ."

"నవ్వకండి. నవ్వకండి బ్రహ్మయ్యగారూ, దణ్ణం పెడతా."

"సరే, నవ్వను. ఏందో చెప్పాలనొచ్చారు."

"ఆ ఆరు గీతలూ మీ మేకులవి కావు."

"ఊఁ."

"ఊఁ అంటారేంటి? గదిలో ఇనుము ఉన్నమాట నిజమే. కానీ అది..."

"చీకటి పడతంది మాస్టారూ. ఇంటికాడ పిల్లాడు చూస్తంటాడు. జీవరత్నం గదూ పేరు? నిలబడతన్నాడా?"

"మాట మార్చకండి. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పలేను."

"నిలబడతన్నాడా లేదా?"

"నిలబడుతున్నాడు. మంచంపట్టె పట్టుకుని."

"శభాష్!"

"వాడి కోసమే ఇదంతా. వాడికి ముందు ముగ్గురు పోయారు మాకు, మీకు తెలుసుగా."

"తెలుసు. ఆ మాట వద్దు."

"వాడు పుట్టినరోజు మా ఆవిడ లూర్దమ్మ మంచం మీంచి లేవలేకుండానే నన్ను దగ్గరికి రమ్మని నా మొలతాడుకి ఓ ముక్క కట్టింది. నల్లగుర్రం నాడా ముక్క. చిటికెన వేలంత. నాకు శని పట్టిందంట. నేనెత్తుకున్న బిడ్డ నిలవదంట. విప్పనని ఒట్టు వేయించుకుంది. ఏమని కాదంటాను చెప్పండి, ఆ మనిషి ఉన్న స్థితిలో?"

"కాదనలేరు."

"కానీ నేనెవర్ని? చర్చి పెద్దని. మొన్నటి క్రిస్మస్‌కి ముందు ఆదెమ్మ మెళ్లో తాయెత్తు ఉందని అందరి ముందూ లేపి నిలబెట్టి నేనే తెంపించా. ఆమె ఏడుస్తుంటే అవిశ్వాసం అని వాక్యం చదివా. చదువుతున్నంతసేపూ నాడా ముక్క నా బొడ్డు కింద గుచ్చుకుంటూనే ఉంది."

"పోన్లెండి."

"పోన్లెండి అనొద్దు! తిట్టండి. గదిలోకి ఎవరొచ్చినా గుమ్మంలో ఆపి తాళంచెవులూ, చాకులూ తీయించిందెవరు? సుబ్బరాయుడుగారంతటాయన చూడ్డానికొస్తే, ఆయన చొక్కా బొత్తాలు ఇత్తడివో ఇనపవో అని తడిమిందెవరు?"

"అదా! ఊరూవాడా నవ్వుకున్నారు దానికి."

"అందరివీ తడిమి నా మొల మాత్రం తడుముకోలా. ఇంత ముక్క ఏం చేస్తుందిలే అనుకున్నా. ముల్లు పెట్టిన దిమ్మె సరిగ్గా నా నడుమెత్తు. ఆఫీసరు వంగి చూస్తున్నప్పుడు కూడా పక్కనే నిలబడి అంకెలు రాసింది నేనేగా. ఇంక ఆయనకి మాత్రం తేడా ఎక్కడ తెలుస్తుంది?"

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆయన మీ మీద అరిచిన రోజునే. అందరూ పోయాక తాడు విప్పి బయట రాయి కింద పెట్టి లోపలికెళ్లా. ముల్లు ఆరు గీతలూ వెనక్కొచ్చి కూర్చుంది. కట్టుకుని వెళ్తే మళ్లీ పక్కకి. మూడుసార్లు చూశా."

"విప్పారా! ఎందుకు విప్పారు మాస్టారూ?"

"అదేంటి, అలా అరుస్తారు? చూడాలిగా. ఆ సాయంత్రానికే పిల్లాడికి ఒళ్లు పేలిపోయింది."

"అయ్యో."

"జలుబు జ్వరం. తెల్లారేసరికి తగ్గింది. జలుబని నాకు తెలుసు. బళ్లో పిల్లలకి చెప్పేవాణ్ణి, నాకు తెలీదా? అయినా మళ్లీ విప్పలా. చేతులు రాలా. అదీ నా చదువు."

"జ్వరం తగ్గిందిగా. అంతే చాలు."

"పది రోజులండీ. ఈ పది రోజులూ పొద్దున్నే నందిగామ బస్సు దాకా పోయి తిరిగొస్తున్నా. ఎవర్ని సాగనంపడానికొచ్చారు మాస్టారూ అని కండక్టరు కూడా అడిగాడు. ఆరోజు ఆఫీసరేమో నా భుజం తట్టాడు. మీ అంకెలు ముత్యాల్లా ఉన్నాయి, ఆ వడ్రంగి పాడుచేశాడు అన్నాడు. తట్టించుకున్నా. మీరు అక్కడే నిలబడి ఉన్నారు, మీ ముందే తట్టించుకున్నా."

"చూశా."

"బళ్లో పిల్లలు మీ చిన్నబాబుని ఇనప మేకు, ఇనప మేకు అని ఏడిపిస్తున్నారు. విన్నా. విని, వెనక్కి తిరగకుండా బోర్డు మీద లెక్క రాసుకుంటూ పోయా. సిగ్గుతో చచ్చిపోతున్నా బ్రహ్మయ్యగారూ."

"వాడు నాతో అన్లేదే."

"చెప్పడు. మీ కొడుకేగా. రేపు మాత్రం మొదటి బస్సు ఎక్కుతా. ఆఫీసరు ముందు చొక్కా ఎత్తి చూపిస్తా. ఇదిగోండి, తప్పు ఇక్కడుంది, ఆయన మేకుల్లో లేదు అని చెప్తా."

"విప్పి బల్ల మీద పెట్టమంటాడు."

"పెడతా."

"చర్చిలో తెలుస్తది."

"తెలియనీ. ఆదెమ్మ కాళ్లు పట్టుకోవాల్సిందే ఎలాగూ."

"బళ్లోంచి తీసేస్తే?"

"తీసెయ్యనీ!"

"లూర్దమ్మగారేమంటారు?"

"... దానికి చెప్పలా."

"చెప్పకుండా పోతారా?"

"చెప్తే పోనివ్వదు. గుమ్మానికి అడ్డం పడుకుంటుంది. మీకు తెలీదు దాని సంగతి."

"మాస్టారూ, ఒక మాట. వెళ్లకండి."

"ఏంటీ?"

"వెళ్లకండి. ఆయన రాసుకునేది రాసుకోనివ్వండి. తర్వాత నిదానంగా ఓ ఉత్తరం ముక్క రాద్దురుగాని. నా పేరు కొట్టేస్తారు."

"అచ్చయింది ఎవరు కొట్టేస్తారండీ? ఎన్ని దేశాలు తిరిగి కొట్టేస్తారు? అసలు మీరేంటి, మీ మీద పడ్డ నింద దులపడానికి నేనొస్తే మీరే అడ్డం పడతారు!"

"అడ్డం కాదు..."

"పది రోజులుగా ఇదే నన్ను తినేస్తోంది. ఆరోజు మీరు ఒక్కమాట అనుంటే అయిపోయేది. ఉలి మీద చెయ్యేసి, కొట్టలేదయ్యా అనుంటే, ఆయన ఇంకోచోట వెతికేవాడు. వెతికితే దొరికేది నేనేగా!"

"అవును. మీరే దొరికేవాళ్లు."

"మరి? నోరెందుకు మెదపలా? ఒక్కోసారి నాకే అనుమానం వచ్చింది, నిజంగానే ఏ మూలో ఓ మేకు కొట్టి భయపడుతున్నారేమోనని. అలా అనుకుంటే నాకు హాయిగా కూడా ఉండేది. అంత నీచుణ్ణి."

"ఆ పాటి అనుకోవడం తప్పు కాదు."

"తప్పే. ఇదిగో, పొద్దునకి మళ్లీ నా బుద్ధి మారకుండా ఇప్పుడే విప్పి మీ చేతుల్లో పెట్టేస్తా. రేపు ఇద్దరం కలిసే పోదాం నందిగామ. పట్టుకోండి..."

"వద్దు! ముడి మీంచి చెయ్యి తియ్యండి. తియ్యండి మాస్టారూ, మీకు పుణ్యముంటది. ఇంక పంతొమ్మిది రోజులేగా!"

"ఏం పంతొమ్మిది?"

"అదే... బిడ్డకి ఏడాది నిండటానికి."

"ఏడాదా? ఏడాది అని నేను అన్లేదే. ఒట్టు వేయించుకుందని మాత్రమే చెప్పా. ఆ గడువు నాకూ లూర్దమ్మకీ తప్ప... బ్రహ్మయ్యగారూ, ఇటు చూడండి. నా మొహం చూసి చెప్పండి. ఏడాదని మీకెవరు చెప్పారు?"

"మీ ముగ్గురు పిల్లలకీ సమాధి పెట్టెలు చేసింది ఈ చేతులే మాస్టారూ. మూడోది తెచ్చిన రోజు, ఇంకోటి చెయ్యకుండా ఏమన్నా చెయ్యగలవా అయ్యా అని మీ ఆవిడ నన్నే అడిగింది. ఆ నాడా మా తమ్ముడి కొలిమిలో కోయించి, ఏడాది నిండేదాకా విప్పొద్దని చెప్పి ఇచ్చింది నేనే. ముల్లు జరిగిందని ఆఫీసరు అరుస్తున్నప్పుడే ఇనుము ఎక్కడుందో నాకు తెలుసు. ఈ పంతొమ్మిది రోజులూ నన్ను దొంగనే అనుకోనివ్వండి."