ఎజ్రా బిగించిన అయస్కాంతం

నిజాంపట్నం రేవులో అంకాలమ్మ టీ బంకు ముందు ఎజ్రా కూర్చున్నాడంటే అందరి చేతుల్లో టీ చల్లారిపోవలసిందే. తెనాలిలో మైకుసెట్లు బాగుచేసే మనిషి. ఎన్ని కోతలు కోసినా మొహంలో నవ్వు ఉండదు, చర్చిలో వాక్యం చదువుతున్నట్టు నెమ్మదిగా చెబుతాడు. అందుకే వినేవాళ్లకి నవ్వాలో నమ్మాలో తెలియదు.

ఆ పూట అంకాలమ్మకి నవ్వు రాలేదు. తెల్లారితే ఆమె మొగుడు పేరయ్య, బాపట్ల జార్జి మేష్టారి తెరచాప పడవని ఒక్కడే వాడరేవు తీసుకెళ్లాలి. ఇదివరకైతే చాప దగ్గర ఒకరు, చుక్కాని దగ్గర ఒకరు వెళ్లేవాళ్లు. పడవలో పాత ఆటోపైలట్ ఉంది గానీ, మనిషి లేకుండా చుక్కాని తిప్పే ఆ మిషను ఎప్పుడో మూలపడింది. దాన్ని ఇప్పుడు ఎజ్రా కొత్తదానిలా బాగుచేశాడు కదా, ఇంక రెండో మనిషెందుకు అన్నారు మేష్టారు.

"మిషను బాగా పనిచేస్తోందా అన్నయ్యా?" టీ అందిస్తూ అడిగింది.

"విను చెల్లెమ్మా. పాత పెట్టె మూత తీశానా, లోపలంతా ఉప్పు పట్టి పచ్చగా ఉంది. వైర్లు మార్చాను, మేష్టారు తెప్పించిన కొత్త బోర్డు పెట్టాను. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"మూత పెట్టేశావు," అన్నాడు ఐసు ఆటో నడిపే జనార్దన్.

"మూత పెట్టేవాడివి నువ్వురా. నేను ఆ పెట్టెలోనే ఉన్న దిక్సూచి చూశాను. మిషనుకి కన్ను అదే కదా. ముల్లు నీరసంగా ఊగుతోంది, జ్వరం పడి లేచినట్టు. పాపం బలం చాలట్లేదని, పాత స్పీకర్లోంచి ఇంతలావు అయస్కాంతం ఊడదీసి దాని పక్కనే బిగించాను. అంతే! ముల్లు తల తిప్పితే ఒట్టు."

అంకాలమ్మ చేతిలో వడపోత గుడ్డ ఆగిపోయింది. పేరయ్య దిక్సూచి దగ్గర చేపల కత్తి కూడా పెట్టనివ్వడు. ఇనుము తగిలితే ముల్లుకి దిక్కు తెలియదంటాడు.

"నిలబడింది సరే. ఉత్తరానికే చూస్తోందా?"

"అది ఎటు చూస్తే అదే ఉత్తరం!"

బెంచీ మీదివాళ్లు నవ్వారు. ఎజ్రా నవ్వలేదు.

"చాప ఎత్తాను, బటన్ నొక్కాను, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను. పడవ ఏటి మొగ దాటి సముద్రంలో పడింది. కాసేపటికి వెనక నీళ్లు నల్లగా కనబడ్డాయి. ఏంటా అని చూద్దును కదా, చేపలు! ఎప్పుడెప్పుడో గాలాలు మింగి తప్పించుకున్నవన్నీ, ఆ గాలాల్ని అయస్కాంతం లాగుతుంటే నోళ్లు తెరుచుకుని వరసగా వస్తున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇనుప ఓడ ఒకటి ఎదురొచ్చింది. దాని ఇంజను ఎంత మొత్తుకున్నా ఆగలేక దూడలాగా నా వెనకే వచ్చేసింది. కెప్టెను దణ్ణం పెట్టి, 'వదిలెయ్యండి సార్, సింగపూరు వెళ్లాలి' అన్నాడు."

"మరి రేపల్లె రైలు బాబాయ్? అది కూడా ఇనుమేగా," అని ఎగదోశాడు జనార్దన్.

"దాని సంగతికే వస్తున్నా. ఆ పూట తెనాలి బండి రేపల్లె స్టేషన్లోంచి కదిలితేనా! డ్రైవరు కూత మీద కూత. నేను అండమాన్‌లో ఆగి, అయస్కాంతం మీద తడిగుడ్డ కప్పాకే అది కదిలింది."

అంకాలమ్మ టీ గిన్నె కిందికి దించింది.

"అన్నయ్యా, మా రేవులో ఓ పద్ధతుంది. పడవకి పని చేసినవాళ్లే మొదటిసారి చాప ఎత్తినప్పుడు ముందుగా ఎక్కాలి. వడ్రంగైనా అంతే, చాప కుట్టినవాడైనా అంతే. తెల్లారి మా ఆయనతో మీరూ ఎక్కండి."

"నేనా? అండమాన్ దాకా ఎక్కి వచ్చాను కదమ్మా!"

"ఎక్కలేదన్నయ్యా. ఈ వారమంతా ఆ పడవ నా కళ్లెదుట కట్టేసే ఉంది. మీరు ఒక్క కాలు పెట్టి, ఊగుతోందని వెనక్కి తీసేశారు. పెట్టె ఒడ్డుకి తెప్పించుకుని బాగుచేశారు. మళ్లీ పడవలో పెట్టింది మా ఆయన. పెట్టెలో అయస్కాంతం ఉందని ఆయనకి తెలియదు."

జనార్దన్ నవ్వబోయి, ఆమె మొహం చూసి గ్లాసు కింద పెట్టాడు.

"తెల్లారి నాకు తెనాలిలో ప్రార్థన కూటం ఉందమ్మా. మైకులు పెట్టాలి."

"పోనీ ఎల్లుండి మా ఆయనతో వెళ్దురుగాని. మీరు ఎక్కకుండా మాత్రం తాడు విప్పనివ్వను."

ఎజ్రా గ్లాసులోకి చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"పేరయ్యకి ఈత వచ్చు కదా?"

"వచ్చు. ఎటు ఈదాలో తెలియాలిగా."

ఎజ్రా గ్లాసు పక్కన పెట్టి లేచి, తువ్వాలు దులుపుకున్నాడు.

"ఆ పెట్టె ఒకసారి ఒడ్డుకి తెప్పించమ్మా. కూటానికి ఓ స్పీకరు తక్కువైంది. ఆ అయస్కాంతం నాకు కావాలి."

"అలాగే అన్నయ్యా," అంది అంకాలమ్మ. పొయ్యి మంట తగ్గించి, పేరయ్యని కేకేసింది.