వెనక సీట్లో వెచ్చగా ఉందట

హలో… ఆ, నేనే అమ్మలూ, బాబాయినే. లేదులే, నడుపుతూ ఎత్తలేదు. బస్సు పక్కకి ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, అప్పుడే ఎత్తా…

ఎక్కడంటే… లైబ్రరీ దాటాక పళ్ళ కొట్టు ముందు స్టాపుంది చూడు, అక్కడ. ఈ ఎత్తొక్కటి ఎక్కితే మీ కాలేజీ గేటే.

ఆ, అందరూ ఉన్నారు. మీ బస్సుకి డబ్బిచ్చే కమిటీ మొత్తం లోపలే ఉంది. ఎవర్నీ దారిలో పారేసుకోలేదు…

నవ్వవేంటే? జోకేశా కదా.

ఊ… ఊ… మళ్ళీ ఒకటో పెట్టె గోలేనా? ఇందాక వంతెన దగ్గర ఆపించి మరీ చెప్పావు కదా, ఒకటో బ్యాటరీ పెట్టె వేడెక్కుతోంది, ఒకటో నంబరు ఫ్యాను వెయ్యి బాబాయ్ అని. వేశా. అప్పట్నుంచీ తిరుగుతూనే ఉంది పాపం…

ఇంకా పెరుగుతోందా? ఎక్కడ, నీ కంప్యూటర్లోనా?

ఉండు, చెయ్యి పెట్టి చూస్తా. నా సీటు కిందే కదా ఉంది… చల్లగా ఉంది తల్లీ. ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది. నీ కంప్యూటర్‌కే జ్వరమొచ్చినట్టుంది, దానికో మాత్ర వెయ్యి.

…

అబ్బ, కోప్పడకు. నాకు తెలుసు ఇవాళ నీకెలా ఉందో. పొద్దున్నించీ ఏం తినలేదు కదూ? గొంతులోనే తెలుస్తోంది. బిస్కెట్టన్నా నోట్లో వేసుకో. ఇక్కడ అంతా బావుందే. నల్లకోటాయన ఎక్కింది మొదలు నిద్రే. నా డ్రైవింగుకి అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి? కళ్ళజోడాయన మాత్రం ప్రతి స్టాపులో ఛార్జింగు ఎంత మిగిలిందని అడుగుతున్నాడు. నేనూ ఒకటడిగా ఆయన్ని. మీరిచ్చేదాన్ని విత్తనం డబ్బంటారట కదా సార్, మరి మొలకొచ్చాక నీళ్ళెవరు పోస్తారూ అని. నవ్వాడులే…

ఎక్కువ మాట్లాడానా? పోనీలే, ఇంక మాట్లాడను.

అన్నట్టు అసలు సంగతి మర్చిపోయా. ఆ పెద్దావిడ లేరూ, కమిటీకి పెద్ద, బూడిద రంగు శాలువా ఆవిడ? ఆవిడకి మన బస్సు తెగ నచ్చింది. బయట ముసురు కదా, మిగతావాళ్ళంతా చలికి ముడుచుకుని కూచున్నారు. ఆవిడ మాత్రం చెప్పులు విప్పేసి, కాళ్ళకి వెచ్చగా భలే ఉందయ్యా, కింద హీటర్ కూడా పెట్టారా అనడిగింది. నేను ఊరుకుంటానా? మా అమ్మాయి అన్నీ ఆలోచించే చేసిందమ్మా అన్నా. ఈ ఒక్క మాటకే ఇచ్చేస్తారు చూడు…

హలో…

అమ్మలూ, ఉన్నావా లైన్లో?

ఎక్కడ కూచుందా… వెనక. చిట్టచివరి సీటు, కిటికీ పక్కన. ఎందుకూ?

…

హీటర్ లేదా?

అస్సలు లేదా? మరి నేను ఉందని చెప్పేశానే…

ఆ. ఆ, వెళ్తున్నా. వెళ్తున్నానే, ఫోన్ చేతిలోనే ఉంది… కాస్త కాళ్ళు తీస్తారా సార్… అమ్మా, ఏమనుకోకండి, మీ కాళ్ళ దగ్గర ఒకసారి చూడాలి. కొంచెం ముందు సీట్లోకి జరుగుతారా? అదే, ఆ సంచి కూడా…

అమ్మలూ. చెయ్యి పెట్టలేకపోయా.

లేదు, మాట వరసకి కాదు. సీటు కింది రేకు మీద వేళ్ళు ఆనించానో లేదో వెనక్కొచ్చేశాయి. వాసన కూడా ఉంది. గోళ్ళ రంగు సీసా మూత తీస్తే వస్తుందే, అలాంటిది. ఇందాక నాకు రాలేదు మరి, ముందు కూచుంటా కదా…

ఇది ఆరోది కదా? నా సీటు కింద ఒకటి, ఇది చివరాఖరుది, ఆరు. నువ్వేమో ఒకటో దానికి వేడంటావు…

ఎవరే అక్కడ అరిచేది? మీతో కలిసి బస్సు చేసిన అవతలి కాలేజీ సారా? ఏమంటున్నాడు?

…

మళ్ళీ చెప్పు. మెల్లిగా చెప్పు, నాకు ఎక్కేట్టు.

వాళ్ళు వెనక నుంచి లెక్కేశారా? పెట్టెలు వాళ్ళు చేశారు, వేడి చూసే తీగలూ వాళ్ళవే, వాళ్ళకి వెనకది ఒకటి. ఆ. ఫ్యాన్లు మీరు పెట్టారు, మీకు ముందుది ఒకటి…

అంటే నీ కంప్యూటర్లో కాగేది ఇది. నేను గాలి కొట్టేది ముందున్నదానికి.

ఇంతసేపూ చల్లగా ఉన్నదానికి విసురుతూ కూచున్నామా…

ఒకరి నంబర్లు ఒకరు చూసుకోలేదా అమ్మలూ? రెండు కాలేజీలూ కలిసి పనిచెయ్యాలనే కదా ఆ డబ్బుకి షరతు? కలిసి చెయ్యడమంటే ఫోటోకి కలిసి నిలబడ్డమేనా…

సరే, సరే. తప్పు. ఇప్పుడు అనకూడదు. నువ్వు ఏడవకు ముందు.

ముందుకొచ్చి ఆరో ఫ్యాను వేశా. ఇదిగో, తిరుగుతోంది… ఆలస్యమైపోయిందంటున్నాడా? ఎవరు, ఆ సారేనా?

ఊ…

అమ్మలూ, నా మాట విను. గేటు కనబడుతోంది నాకు. ఆ నీలం బోర్డు ఇక్కణ్ణించి చదవొచ్చు. ఒక్క ఎత్తు. పెద్దావిణ్ణి ముందుకి పంపించా కదా, వెనక సీట్లన్నీ ఖాళీ చేయిస్తా. ఫ్యాను తిరుగుతోంది. ఒక్క ఊపులో లాగించేస్తా. లోపలికి తెచ్చి ఆపేశాక అప్పుడు దింపేద్దాం, అప్పుడు చూసుకోండి మీ పెట్టెల సంగతి…

ఎత్తు మీదే ఎక్కువ వేడెక్కుతుందా?

తెలుసులే. తెలుసు. కానీ బస్సు తనంతట తను గేటులోకి రాకపోతే డబ్బు ఇంకో జట్టుకి పోతుందని పొద్దున చెప్పింది నువ్వే కదే. నీ ఉద్యోగం ఆ డబ్బు మీదే కదా ఉంది. ఈ బస్సు కింద పడుకుని పడుకుని నీ జుట్టంతా గ్రీజు వాసనే, మీ అమ్మ ఎన్నిసార్లు తిట్టింది… ఇంత దాకా వచ్చి పళ్ళ కొట్టు ముందు ఆపేస్తామా?

…

…

నువ్వేనా ఈ మాటంటోంది? పక్కన మీ సారు ఉన్నాడా? ఆయన ఏమంటాడు?

ఆయన్ని అడగలేదా…

సరే. నువ్వు ఆపమన్నావు, ఆపా. ఇంక కదిలించను. ప్రమాణం.

మరి వీళ్ళకేం చెప్పను? టీ తాగుదాం రండి అని దింపనా? పక్కనే టీ బంకుంది. ఏమీ జరగనట్టు దిగిపోతారు, నీ పరువూ నిలబడుతుంది…

ఊ.

అదీ నిజమే. టీకంటే గొడుగులు వెతుక్కుంటారు, సంచులు సర్దుకుంటారు, నల్లకోటాయన అసలు లేవనే లేవడు.

సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తా. పెట్టెయ్యకు ఫోను.

అయ్యా, అమ్మా, ఒక్కసారి ఇటు వినండి. వెనక బ్యాటరీ బాగా వేడెక్కింది. బస్సు ఖాళీ చెయ్యాలి. సంచులు వదిలెయ్యండి, ముందు తలుపు నుంచి ఒక్కొక్కరే దిగండి. వెనక తలుపు వైపు వెళ్ళొద్దు… అవును సార్, నిజంగానే… ఛార్జింగు ఎంత మిగిలిందో తర్వాత చెప్తా సార్, ముందు దిగండి…

దిగుతున్నారు అమ్మలూ… నల్లకోటు సార్, లేవండి. లేవండి సార్, స్టాపొచ్చింది… లేచాడు.

ఎర్ర పిడి? ఆ, కనబడింది. స్టీరింగు కిందది. గట్టిగా లాగా. అన్నీ ఆరిపోయాయి, ఫ్యాను కూడా…

అమ్మా, వెనక్కి వెళ్ళకండి. చెప్పులా? నేను కొనిస్తాను మీకు చెప్పులు, ముందు దిగండి… చెయ్యి ఇవ్వండి. ఆ మెట్టు తడిగా ఉంటుంది, చూసుకోండి…

దిగారే. అందరూ. మళ్ళీ లెక్కపెట్టా, ముందు నుంచీ వెనక నుంచీ. నేనే ఆఖరు.

అవతలి వైపుకి నడిపిస్తున్నా. మూసేసిన బట్టల కొట్టుంది, దాని చూరు కిందకి… పళ్ళ కొట్టాయన్ని కూడా రమ్మన్నా. తన బండి వదిలి రానంటున్నాడు, ఉండు… ఓ పెద్దాయనా, పళ్ళు మళ్ళీ కొనుక్కోవచ్చు, ఇటు రా… వస్తున్నాడు.

ఫైరింజనుకి నువ్వు చేశావా? మంచిపని. నాకు ఆ ఆలోచనే రాలేదు.

…

అమ్మలూ.

పొగొస్తోంది.

వెనక సీటు కింద నుంచి. మొదట సన్నగానే… ఇప్పుడు కిటికీ కనబడ్డం లేదు. ఆవిడ కూచున్న కిటికీ.

లేదు, దగ్గరికి పోను. ఆర్పను. పోనన్నానుగా, ఇక్కడే నిలబడ్డా.

…

నేనేమన్నానో గుర్తుందా ఇందాక. ఒక్క ఊపులో లాగించేస్తానన్నా. ఈపాటికి ఎత్తు మధ్యలో ఉండేవాళ్ళం. అందరం లోపల…

సరే, అనుకోను. నువ్వూ అనుకోకు.

అదిగో, ఫైరింజను మోత. వినబడుతోందా? వాళ్ళొచ్చేశారు. రోడ్డు ఖాళీ చేయిస్తున్నారు.

ఏడువు తల్లీ, ఇప్పుడు ఏడువు పర్లేదు. బస్సు పోతే పోయింది. నేను డ్రైవర్ల గ్రూపులో పొద్దున్నే ఫోటో పెట్టాను, మా అమ్మాయి చేసిన బస్సు అని. తియ్యను. ఉండనీ. ఎవరన్నా అడిగితే, ఆపింది కూడా మా అమ్మాయే అని రాస్తా కింద.

…

కళ్ళజోడాయన ఛార్జింగు సంగతే మర్చిపోయాడు. అందరూ బస్సు వైపే చూస్తున్నారు. డబ్బు సంగతి నేనెలా అడగనే, ఇప్పుడు…

ఉండుండు, పెద్దావిడ ఏదో అంటోంది… ఏంటమ్మా?… ఆపమన్నది ఎవరా? నేను కాదండి. నేను గేటు దాకా తెచ్చేద్దామనే అన్నాను, సిగ్గు లేకుండా చెప్తున్నా. మా అన్నయ్య కూతురండి, అక్కడ కంప్యూటర్ ముందుంది. మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నదీ తనే… హీటరా? లేదండి. అసలు లేదు. అది మాత్రం నేను తెలీక చెప్పిన గొప్పలు… ఆ, లైన్లోనే ఉంది.

అమ్మలూ, ఆవిడ నీతో మాట్లాడతారట.

కోపమో ఏమో తెలీదే. మొహం చూస్తే ఏం తెలీడం లేదు. ఉత్త కాళ్ళతో తడి నేల మీద నిలబడి ఉంది పాపం… ఏమ్మా?… సరే, అలాగే అడుగుతా.

అడగమంటోంది… ఈసారి పెట్టెలకి నంబర్లు ఎటు నుంచి వేస్తారని. రెండు కాలేజీల వాళ్ళూ ఒకే గదిలో కూచుని వేస్తారా అని.

…

అమ్మలూ? ఏమని చెప్పను?

నువ్వే చెప్తావా. సరే. గొంతు సవరించుకో. ఫోన్ తడిసిపోయింది, ఉండు, తుడిచి ఇస్తా…

ఇదిగోండమ్మా, మా అమ్మాయి. కాస్త నెమ్మదిగా మాట్లాడండి, పొద్దున్నించీ ఏమీ తినలేదు.