గాలిమోటర్ పక్కన నా నొసలు

"తాతా, నేను కాలేజీకి పోయిన్నాడు నువ్వు ఆ పాత ఫొటో వట్టుకొని చాయ్ హోటల్‌కు పోయినవట గదా. కనకయ్య తాత ఏమన్నడు?"

ఏమంటడే? ఏమనాలె ఆడు! ఆగు, మెల్లగ చెప్పనియ్యి. గిట్ల కూసో. నీకు సగమే తెలుసు.

మీ బాపమ్మ తమ్ముడు కనకయ్య, నేను ఒక్క బాయిల, ఒక్క షిఫ్టుల బొగ్గు కొట్టినోళ్లం. గోదావరిఖనిల రిటైరైన ముసలోళ్లమంత పొద్దుగాల ఆ హోటల్ కాడ్నే కూసుంటం. ఆడ నా మాటంటే ఎవ్వనికి నమ్మకం లేదు. నిజమే, నేను పది చెప్తే ఎనిమిది కోతలే. ఎనిమిది కాదు, తొమ్మిదనుకో. పులిని బొగ్గు తట్టతోటి కొట్టిన అంటే ఎవడు నమ్ముతడు? గని ఈ గాలిమోటర్ ముచ్చట నిజం బిడ్డా. గీ ఒక్కటి గూడ నమ్మకపోతిరి గదా అని ఇన్నేండ్లు నాకు లోపల్లోపల మంట.

మా కాలంల హైద్రాబాద్ల గాలిమోటర్ల ఆటలు, గదే ఇమానాలు ఆకాశంల పల్టీలు గొట్టుడు, రెండుమాట్ల వెట్టిండ్రు. మొదటిమాటు నేనొక్కన్నే వోయిన. మీ బాపు ఇంక పుట్టలే. గోలేటిల చుట్టాల పెండ్లి ఉన్నదని మీ బాపమ్మకు చెప్పి, రామగుండంల రైలెక్కిన. ఇగ ఆమె నాకు సాక్ష్యం ఎట్ల చెప్తది? మెల్లగ మాట్లాడు, ఇంట్లనే ఉన్నది. అప్పుడు చాయ్ పావలా... పావలా ఏడిది, పదిహేను పైసలు. పావలా తర్వాతైంది. సరే. ఆడ ఎన్నటిదో యుద్ధంల కొట్లాడిన పాత గాలిమోటర్, ముక్కుకు ఇంత పెద్ద ఫంకా! అది తిరిగిందంటే నా నెత్తి రుమాలు లేచి ఎటువోయిందో, కరీంనగర్ల వడ్డదో ఏమో, ఇయ్యాల్టిదాక దొరకలే. ఫంకా ఆగినంక ఉత్త నెత్తితోనే రెక్క మీద చెయ్యేసి ఫొటో దిగిన. మన బొగ్గుబాయిలల్ల యుద్ధం గాలిమోటర్ను ముట్టిన మొదటి మనిషిని నేనే!

రెండోమాటు కనకయ్యను గూడ తోల్కవోయిన. గప్పటికి మీ బాపు నడుస్తుండె. కనకయ్య గూడ రెక్క ముట్టిండు. ఇగ ఆన్నుంచి సురువైంది. "బావా, నీ ఫొటో నాతోని వచ్చినప్పటిదే. మొదటిమాటు నువ్వు పోనే వోలే" అంటడు. ఫొటో ఎనుక తారీఖు రాసి ఉండె, చెదలు దిన్నయి. నువ్వు ఫోన్ల ఎంత దేవులాడినా ఏం దొరికింది? ఆ గాలిమోటర్ రెండాటలల్ల గూడ ఉండెనని దొరికింది. అండ్ల ఏం తేలలే.

మల్ల నువ్వే గదా, ఫొటో పెద్దగ జేసి "తాతా, దీంట్ల నీ నొసటి మీద నీలం మచ్చ లేదేంది?" అన్నవ్. ఇన్నేండ్లు అందరం గాలిమోటర్నే సూసినం, నా మొకం ఎవ్వడు సూడలే. ఎందుకు సూస్తడు? బాయిల పనిచేసినోళ్లకు అందరికి ఉంటయి గసువంటి మచ్చలు. దెబ్బల బొగ్గుపొడి చొచ్చి మీద తోలు మూసుకున్నదంటే పచ్చబొట్టు లెక్కనే, కాట్లె కాలేదాక పోదు.

ఇగ హోటల్ల కనకయ్య ముంగట ఫొటో వెట్టిన.

"మల్ల తెచ్చినవా బావా? కొత్త కోతేమన్న ఉన్నదా?" అన్నడు. అందరు నవ్విండ్రు. నవ్వనిచ్చిన.

"కనకయ్యా, నా నొసలు పలిగిన్నాడు నన్ను ఎవ్వలు మోసుకొచ్చిండ్రు?" అన్న.

"ఇంకెవ్వలు, నేనే. మీదికెల్లి బొగ్గుపెల్ల ఊడి వడ్డది. బాయి మొగందాక నిన్ను వీపు మీద మోసిన. నా అంగీ నిండ నీ నెత్తురే."

"ఎప్పుడది?"

"మా అక్క నీళ్లాడే దినాలు. నాలుగొద్దులకే పిలగాడు పుట్టిండు."

"అంటే మనిద్దరం కలిసి ఆటకు పోకముందే గదా?"

"ముందే..." అన్నడు. దొరికిండు!

"అయితే ఫొటోల ఆ మచ్చ యాడున్నదో సూపెట్టు" అన్న.

అద్దాలు తుడుసుకుండు. ఫొటో సూసిండు, నా మొకం సూసిండు, మల్ల ఫొటో సూసిండు. లేసొచ్చి నా నొసటి మీద, గిదో గీ మచ్చ మీద, బొటనవేలు వెట్టి రాసిండు, పోతదేమో అన్నట్టు. "నిజమే బావా. ముందు ముట్టినోనివి నువ్వే" అన్నడు. ఇనవడ్తలేదు, గట్టిగ అను అన్న. మల్లన్నడు! హోటలాయనకు చెవుడున్నదని చెప్పి మూడోమాటు గూడ అనిపిచ్చిన.

ఇంకో ముచ్చట. తెల్లారి పోయి, ఆ గాలిమోటర్ను హైద్రాబాద్ నుంచి గోదారి ఒడ్డుదాక నేనే నడిపిన అని చెప్పిన. ఒక్కడు నవ్వలేదే! కనకయ్య అయితే, "ఉండొచ్చు" అన్నడు.

నువ్వు నవ్వకు. సల్లగుండు బిడ్డా. నువ్వు నిజం చెప్పిన్నాడు ఎంబడే నమ్మేటోళ్లు దొరకాలె నీకు. నా లెక్క పండ్లన్ని ఊడేదాక...