చిలకల అంచు అచ్చు

“అమ్మమ్మా, నేను హాస్టల్లో ఉన్నప్పుడు తాతయ్య దగ్గరికి ఎవరో బొమ్మలేసే అమ్మాయి వచ్చేదంటగా?”

వచ్చేది. బందరు నుంచి, నర్సుతోపాటు. ఇంక చేసేదేం లేదని ఆసుపత్రివాళ్లు పంపేసినవాళ్ల ఇళ్లకెళ్లి, ఒళ్లు తుడిచి, పక్కన కూర్చుని బొమ్మలేస్తుందట, వాళ్లచేతా వేయిస్తుందట. రూపాయి తీసుకోదు. అదిగో, అక్కడే నాకు అనుమానమొచ్చింది. ఊరికే ఎవరొస్తారమ్మా ఈ రోజుల్లో?

మన పెడనలో కలంకారీ అద్దకం చేసేవాళ్లకి చెక్క అచ్చు పోతే అన్నం పోయినట్టేగా. అంతకుముందు ఒకడు, చదువుకుంటున్నానండీ అంటూ వచ్చి, మన మజ్జిగ తాగి, నెమళ్ల అచ్చు ఫోటో తీసుకుపోయాడు. ఏడాది తిరక్కుండా అదే నెమలి మిషన్ గుడ్డ మీద, సగం ధరకి. ఇక మాకు మిగిలింది చిలకల అంచు. మీ తాతయ్య గీసిందే. అది చెక్కించడానికి నా బంగారు దుద్దులు అమ్మాం. ఇవిగో, ఇవి చిలకలపూడి గిల్టువి, అప్పట్నుంచీ ఇవే. సరే, ఏం చెబుతున్నా... ఆ, ఆ పిల్ల.

మీ తాతయ్యకి మాట పడిపోయింది. కుడిచెయ్యి మాత్రం మంచం పట్టె మీద గుద్దుతూనే ఉండేది. నొప్పేమోనంది నర్సు. ఆ పిల్ల చాలాసేపు చూసి, ఏం చేస్తున్నారండీ అని నన్నడిగింది. అచ్చేస్తున్నాడు, గుడ్డ మీద అచ్చు పెట్టి పిడికిలితో గుద్దుతాం, అదీ అన్నా.

“అయితే ఒక అచ్చు ఇవ్వండి మామ్మగారూ.”

చూశావా? అడిగేసింది.

అరిగిపోయిన పువ్వు అచ్చొకటి పడేశా. ఆయన వేలితో తడిమి పక్కకి నెట్టేశాడు. ఇంకోటిచ్చా, అదీ నెట్టేశాడు. చిలకల అచ్చున్న పెట్టె వంకే చూస్తున్నాడు. ఏం చెయ్యను, చచ్చినట్టు తీశా. ఆ పిల్ల అచ్చుకి పటిక అద్ది గుడ్డ మీద పట్టుకునేది, ఆయన గుద్దేవాడు. వంకరగా పెడితే, సరిచేసేదాకా చెయ్యి ఎత్తేవాడు కాదు. నేను గుమ్మంలో కూర్చుని కదల్లేదు. దాని ఫోను నా ఒళ్లో. ఉంచుకోండి మామ్మగారూ అని నవ్వింది. ఆ నవ్వూ నచ్చలేదు నాకు.

ఆ సాయంత్రం ఆయన చెయ్యి ఊరుకుంది. హాయిగా నిద్రపోయాడమ్మా.

ఆయన పోయినప్పుడు ఆ గుడ్డే కప్పుదామంది ఆ పిల్ల. పటిక అద్దినది రంగునీళ్లలో ఉడకబెడితేగానీ ఎరుపు తేలదు, అంత వ్యవధి ఎక్కడిది? అలాగే కప్పాం. అందరూ ఏడుస్తుంటే నేనేమనుకున్నానో తెలుసా? చిలకలేసిన గుడ్డ ఒక్క ముక్కా బయటికి పోలేదు కదా అని.

ఇప్పటికీ బందరు వెళ్తే బట్టల కొట్ల ముందు ఆగి ఆగి చూస్తా, మన చిలకలు కనపడతాయేమోనని. ఇంతవరకూ లేవు. ఇంతవరకూ అంటున్నా, అంతే.

నేను మంచం పడితే మాత్రం ఆ పిల్లనే పిలువు. నువ్వు చల్లగా ఉండు తల్లీ... పెట్టె తాళంచెవి మాత్రం నీ దగ్గరే పెట్టుకో.