కూర్మయ్య గారి ఎడమ బొటనవేలు

కలకత్తా, 11 నవంబరు 2025, మంగళవారం
విచారణాధికారి గారికి నా స్వదస్తూరీతో ఇస్తున్న వాంగ్మూలం

ఇది ఇవాళే రాయడానికి కారణం ఒక్కటే. ఈ నెల 24వ తేదీ, సోమవారం ఉదయం పదకొండు గంటలకు, మెటియాబ్రుజ్‌లో గంగ ఒడ్డున ఉన్న మా కంపెనీ యార్డు ఒక బిల్డరు పేరున రిజిస్టరు కాబోతోంది. ఆ అమ్మకానికి ఆధారంగా చూపిస్తున్న తీర్మానం మీద ఉన్న వేలిముద్ర మా ఛైర్మన్ గారిది కాదు. దాని కింద ఉన్న సాక్షి సంతకం నాది. ఆ సంతకం నిజంగా నేనే పెట్టాను.

నా పేరు సూరాడ పూజిత. వయసు ఇరవై నాలుగు. తండ్రి సూరాడ తిరుపతిరావు, రేవులో కళాసీ. మా వాళ్లది శ్రీకాకుళం తీరం. నేను పుట్టి పెరిగింది మెటియాబ్రుజ్‌లోనే. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. రేవు దగ్గరి తెలుగు బడిలో పదో తరగతి వరకు చదివి, తర్వాత బి.కాం. చేశాను. 2022 ఆగస్టు నుంచి బారువా మెరైన్ ఆయిల్స్ ప్రైవేట్ లిమిటెడ్‌లో ఆఫీసు అసిస్టెంటుగా పనిచేస్తున్నాను.

బెంగాలీలో గానీ ఇంగ్లీషులో గానీ చెప్పమని అధికారి గారు అన్నారు. తెలుగులో రాస్తానని నేనే అడిగాను. ఇది ఛైర్మన్ గారికి చదివి వినిపించాలి. మధ్యలో ఇంకొకరి మాట పడకూడదు.

మాది చిన్న నూనె కంపెనీ. ఓడల అడుగున మిగిలే మురికి నూనె కొని, నీరూ మడ్డీ తీసేసి, శుద్ధి చేసి, బాయిలర్లు నడిపే వాళ్లకు అమ్ముతాం. యార్డులో ఆరు ట్యాంకులు, అరవై ఒక్క మంది మనుషులు. ఫోన్ చేసిన వాళ్లు ఇప్పటికీ "బారువా బాబు ఆఛేన్?", అంటే ఆయన ఉన్నారా అని అడుగుతారు. బారువా బాబు అంటూ ఎవరూ లేరు. బారువ మా ఛైర్మన్ గారు పుట్టిన ఊరు.

ఆయన పేరు గనగళ్ల కూర్మయ్య. వయసు డెబ్భై నాలుగు. పదిహేడో ఏట కలకత్తా వచ్చి, ఓడల అడుగు ట్యాంకుల్లోకి దిగి బకెట్లతో ఆ నూనె తోడారు. 1986లో రెండు పీపాలతో సొంత వ్యాపారం మొదలుపెట్టారు. చదువు లేదు. మా నాన్న ఊరివారే కాబట్టి ఇంట్లో ఆయన్ని తాతా అంటాను. ఆఫీసులో ఛైర్మన్ గారు అంటాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజు ఒక ఓడ నుంచి కొత్త సరుకు వచ్చింది. ఆయన సీసాలో ఎడమ బొటనవేలు ముంచి, చూపుడు వేలితో రుద్ది, "నీరు నూటికి నాలుగు" అన్నారు. గంటన్నర తర్వాత ల్యాబు కాగితం వచ్చింది. నాలుగు పాయింట్ ఒకటి. నేను ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయాను.

"ఏటలా సూస్తావు గుంటా? ఏలు సూడు" అన్నారు.

చూశాను. ఆ వేలు మీద ఒక్క గీత లేదు. చింతగింజలా నున్నగా ఉంది. పూర్వం ఈ నూనెను యాసిడ్ పోసి శుభ్రం చేసేవారట. 1988లో పీపా ఒలికి ఆ వేలు కాలింది. చర్మం మళ్లీ వచ్చింది, గీతలు రాలేదు.

"గీతల్లో నీరు దాక్కుంటాది. దీనికాడ దాక్కోడానికి చోటు లేదు" అన్నారు. అందులో ఎంత నిజమో నాకు తెలియదు. ఆయన లెక్క తప్పడం మాత్రం ఈ మూడేళ్లలో నేను చూడలేదు.

ఆయన వేలిముద్ర వేయించే పని నాది. పద్ధతి ఇది. కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించాలి. ఆయన కళ్లు మూసుకుని వింటారు. ఒప్పుకుంటే చెయ్యి చాపుతారు. నేను ఆ వేలు పట్టుకుని సిరా అద్ది, కాగితం మీద ఒత్తి, కింద "చదివి వినిపించాను, నా ఎదుట వేశారు" అని రాసి సంతకం పెడతాను. పద్నాలుగు సార్లు అలా చేశాను. ప్రతిసారీ ఒకే ముద్ర వచ్చింది. గీతలు లేని నల్లటి కోలగుర్తు. దాన్ని చూసి బ్యాంకులో, రిజిస్ట్రారు ఆఫీసులో ఎప్పుడూ తిప్పి పంపేవారు. సిరా అలికిందనీ మళ్లీ వేయించమనీ అనేవారు. మళ్లీ వేసినా అదే వచ్చేది.

ఆయన వినడం గురించి కూడా చెప్పాలి. 2024 మార్చిలో లీజు కాగితం ఒకటి, పద్దెనిమిది పేజీలు, చదివాను. రెండు నెలల తర్వాత అవతలి వాళ్లు దాన్ని సవరించి తెచ్చారు. మళ్లీ చదువుతుంటే ఒకచోట చెయ్యి ఎత్తి, "ఈ మాట అప్పుడు లేదు గదేటి" అన్నారు. పాత కాగితం తీసి చూస్తే నిజంగానే లేదు. పదిహేనేళ్లు చదువుకున్న నాకు అది కనిపించలేదు.

ఆశిష్ గారు మా కంపెనీకి ఫైనాన్స్ డైరెక్టరుగా 2023 ఏప్రిల్‌లో వచ్చారు. ఆయనా తెలుగువారే, భిలాయ్‌లో పెరిగారు. ఆయన్ని చెడ్డవారిగా చూపించాలని నాకు లేదు. బ్యాలెన్స్ షీటు చదవడం నాకు నేర్పింది ఆయనే. నగరం అవతలి కొసన, న్యూ టౌన్‌లో పద్నాలుగో అంతస్తులో ఆఫీసు తీసుకున్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు, ఉపగ్రహం తీసిన బొమ్మలో మా యార్డు చూపించారు. ఆరు ట్యాంకులు ఆరు చొక్కా గుండీల్లా ఉన్నాయి. మా నాన్న, ఛైర్మన్ గారు, అందరూ బతికిన చోటు నా బొటనవేలి గోరు కింద పట్టేసింది. ఆ రోజు ఇంటికి వెళ్లి అమ్మకు అది ఎలా చెప్పాలో తెలియలేదు.

2023 ఆగస్టులో కొత్త ప్లాంటు కోసం ఒక ఫైనాన్స్ సంస్థ దగ్గర పదకొండు కోట్లు అప్పు తెచ్చారు. ప్లాంటుకు అనుమతి రాలేదు. ఈ జూన్ నుంచి వాయిదాలు తప్పాయి. ఆగస్టు 12న బోర్డు సమావేశంలో, యార్డు అమ్మి అప్పు తీర్చి కంపెనీని న్యూ టౌన్ నుంచి నడుపుదామని ఆశిష్ గారు ప్రతిపాదించారు. మా కంపెనీ నియమావళి ప్రకారం ఛైర్మన్ సమ్మతి లేనిదే యార్డు అమ్మకూడదు. ఆ ప్రతిపాదన ఆయనకు నేను చదివి వినిపించాను.

ఛైర్మన్ గారు అడిగారు: "నూనె ఎక్కడ దింపుతావు బాబూ? పద్నాలుగో అంతస్తుకి ఓడ రాదు గదా."

అందరూ నవ్వారు. ఆశిష్ గారు కూడా నవ్వారు. "నూనె మనం ముట్టుకోనక్కర్లేదు సర్. కొని అమ్ముతాం, అంతే."

"ముట్టుకోకుండా దాన్లో నీరెంతో ఎలగ తెలుస్తాది?" అన్నారు ఛైర్మన్ గారు. చెయ్యి చాపలేదు.

సెప్టెంబరు 15న ఆయన్ని ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో చేర్చారు. 17న పరీక్ష ఏదో చెయ్యడానికి సమ్మతి పత్రం కావలసి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. నర్సు మూడుసార్లు వేలిముద్ర వేయించుకుంది. మూడో సారి ఆయన ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి, "పాపా, నువ్వు సాయంత్రందాకా ఒత్తినా ఇదే వస్తాది" అన్నారు. ఆమెకు తెలుగు రాదు. నేను బెంగాలీలో చెప్పాను. ఆ పత్రం నకలు కూర్మయ్య గారి భార్య అమ్మన్నమ్మ గారి దగ్గర ఉంది.

సెప్టెంబరు 19, శుక్రవారం. సాయంత్రం నాలుగు గంటలకు ఆశిష్ గారు న్యూ టౌన్ ఆఫీసులో నాకు ఒక తీర్మానం కాగితం ఇచ్చారు. ఛైర్మన్ గారు అనారోగ్యం వల్ల పదవి వదులుకుంటున్నారు, ఆశిష్ గారు ఛైర్మన్ అవుతున్నారు, యార్డు అమ్మకానికి కూర్మయ్య గారు సమ్మతిస్తున్నారు అని అందులో ఉంది. వేలిముద్ర వేయవలసిన చోటు ఖాళీగా ఉంది.

"నేను ఇప్పుడే ఆసుపత్రికి వెళ్తున్నాను. ఆయన ఒప్పుకున్నారు. నువ్వు రోజూ అంత దూరం తిరుగుతున్నావు, ఇవాళ్టికి వద్దులే. సంతకం పెట్టేసెయ్, ముద్ర నేను వేయించుకొస్తా" అన్నారు.

నేను "చదివి వినిపించాను, నా ఎదుట వేశారు" అని రాశాను. సంతకం పెట్టాను. చదివి వినిపించలేదు. నా ఎదుట వేయలేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు. డబ్బు ఇవ్వలేదు. అంత పెద్దవారు నా శ్రమ గురించి ఆలోచించారని సంతోషపడ్డాను. ఇది నా తప్పు.

అక్టోబరు 6న కొత్త ఛైర్మన్ పేరు ప్రకటించి ఆఫీసులో సందేశ్ మిఠాయి పంచారు. కూర్మయ్య గారు అప్పటికి ఆసుపత్రి నుంచి వచ్చి ఇంట్లో మంచం మీద ఉన్నారు. ఆఫీసు మాటలు ఎత్తవద్దని అమ్మన్నమ్మ గారు చెప్పారు. ఆయనే ఒప్పుకున్నారనుకుని నేనూ అడగలేదు. మనసులో ఆయన మీద కొంచెం కోపం కూడా తెచ్చుకున్నాను.

నవంబరు 6, గురువారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, రిజిస్ట్రేషన్ కోసం ఆ తీర్మానాన్ని స్కాన్ చేస్తున్నాను. వేలిముద్ర తెర మీద పెద్దదిగా వచ్చింది. గీతలు. నడుమ ఒక సుడి, దాని చుట్టూ అల మీద అలలా గీతలు, అంచు దాకా. అంత స్పష్టమైన ముద్ర నేను ఎప్పుడూ చూడలేదు. ఎంతసేపు చూశానో తెలియదు. పక్క బల్ల దగ్గరి మనోహర్ దా "కీ హోలో?", ఏమైందని అడిగేదాకా చూశాను. ఏమీ లేదని చెప్పాను. అదీ అబద్ధమే.

మర్నాడు శుక్రవారం సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు కూర్మయ్య గారి ఇంటికి వెళ్లాను. ఆయన కూర్చుని జావ తాగుతున్నారు. ఫోనులో ముద్ర చూపించాను.

ఆయన ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "ఇది ఎవుడిదో గానీ సుబ్బరమైన ఏలు. కష్టం సేసినోడిది కాదు" అన్నారు.

"ఇది మీదని రాసి ఉంది తాతా. యార్డు అమ్ముకోమన్నారని."

"ఆసుపత్రికి ఆ బాబు వొచ్చినాడు. పళ్లు తెచ్చినాడు. కాయితం తేలేదు" అన్నారు అమ్మన్నమ్మ గారు.

ఆయన నన్ను అడిగారు: "కింద సంతకం ఎవుల్ది?"

"నాది."

"నువ్వు పట్టుకున్నావేటి ఆ సెయ్యి?"

"లేదు తాతా."

"మరెందుకు రాసినావు?"

అమ్మన్నమ్మ గారు, "గుంట బతుకు పాడైపోద్ది, ఊరుకో ముసలోడా" అన్నారు. ఆయన ఊరుకోలేదు, కోప్పడనూ లేదు. "పోలీసోళ్లకి రాసియ్యి. రాసింది ముందు నాకు సదివి ఇనిపించు, అప్పుడియ్యి" అన్నారు. తర్వాత చెయ్యి చాపారు. తెల్లకాగితం మీద ముద్ర వేయించాను. అదే నల్లటి కోలగుర్తు.

నిన్న, నవంబరు 10న, ఉదయం పదింపావుకు ఆశిష్ గారిని అడిగాను. ఆయన దాచలేదు.

"వాయిదాలు తప్పితే యార్డు ఎలాగూ పోతుంది పూజితా. కంపెనీ అయినా మిగలాలి కదా" అన్నారు. తర్వాత, "అసలు ముద్ర తీసుకెళ్తే రిజిస్ట్రారు ఎన్నిసార్లు తిప్పి పంపాడు? ఇది ఒక్కసారికే తీసుకుంటాడు. కేసంటూ అయితే మొదటి పేరు నీదే, ఆలోచించుకో" అన్నారు.

అప్పు గురించి ఆయన చెప్పింది నిజం కావచ్చు. నాకు తెలియదు. ఆ ముద్ర ఎవరిదో కూడా తెలియదు, ఊహించి చెప్పను. నాకు తెలిసింది ఇంతే: ఆ కాగితం తయారు చేసిన వాళ్లలో ఎవరూ ఎప్పుడూ కూర్మయ్య గారి వేలు చూడలేదు. ఆయన ముద్రలు తిరిగొచ్చింది సిరా అలికినందుకేననీ, ప్రతి మనిషికీ గీతలు ఉంటాయనీ అనుకున్నారు. చూసి ఉంటే ఈ పొరపాటు చేసేవారు కాదు.

నేను వేయించిన పద్నాలుగు కాగితాలూ మెటియాబ్రుజ్ ఆఫీసులో పచ్చ బీరువాలో, పై అరలో ఉన్నాయి. తీర్మానానికి రెండు రోజుల ముందు వేసిన ఆసుపత్రి పత్రం ఉంది. అన్నిటికంటే ముందు ఆయన వేలు ఉంది. దయచేసి ఒక అధికారిని పంపి దాన్ని చూడండి.

24వ తేదీ రిజిస్ట్రేషన్ ఆపించడానికి మీరు ఏం చేస్తున్నారో 20వ తేదీ గురువారం సాయంత్రం ఐదు గంటల లోపు నాకు రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను. ఆ జవాబు కూడా నేను ఆయనకు చదివి వినిపించాలి. నా మీద చర్య తీసుకోవాలంటే తీసుకోండి. ఆ పని 24 తర్వాత అయినా చేయవచ్చు, యార్డు సంగతి అలా కాదు.

పైన రాసినది నేను చూసినదీ, విన్నదీ, చేసినదీ. ఎవరి బలవంతమూ లేదు. ఇందులో అబద్ధం ఉంటే శిక్షకు నేనే బాధ్యురాలిని.

సంతకం: సూరాడ పూజిత

ఈ వాంగ్మూలాన్ని ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు గనగళ్ల కూర్మయ్య గారికి మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. ఒక్కచోట ఆపి, జావ కాదు, గంజి అని దిద్దారు. నేను జావ అనుకున్నాను. ఆయన చెప్పిందే సరి. తర్వాత చెయ్యి చాపారు. ఆయన ఎడమ బొటనవేలు నా చేత్తో పట్టుకుని, నా ఎదుట, ఈ కింది ముద్ర వేయించాను.

సిరా అలకలేదు. దయచేసి తిప్పి పంపవద్దు. ఆయన ముద్ర ఇదే.